గుల్లవ్వ గొయ్యి

సొరడు మళ్ళీ నీళ్ళలోంచి పైకి లేచాడు. ఊపిరి అందక కళ్ళు ఎర్రబడ్డాయి. చేతిలో రెండంటే రెండు ఆల్చిప్పలు. ఒకటి విప్పి చూస్తే లోపల బురద తప్ప ఏమీ లేదు.

చాలా పాతకాలం నాటి సంగతి ఇది. అప్పటికి నాగలి లేదు, కుండ లేదు, ఊరన్న మాటే లేదు. ఏరు సముద్రంలో కలిసేచోట చిప్పల దిబ్బ మీద కొన్ని గుడిసెలు, అంతే. తిన్న చిప్పల్ని అక్కడే పారేసి, వాటి మీదే నిద్రపోయి, చచ్చిపోయినవాళ్ళని వాటిలోనే పూడ్చిపెట్టే జనం. పేర్లు కూడా సముద్రంలోంచే తెచ్చుకునేవాళ్ళు. సొరడంటే సొరచేప. వాడి పెళ్ళాం పేరు చందువ.

సొరడికి విద్య నేర్పింది గుల్లవ్వ. ఏ గాలికి చేప ఎటు మళ్ళుతుందో, ఏ నురగ వెనక తుఫాను ఉందో, అంతా ఆ ముసలిదాని దగ్గరే తెలుసుకున్నాడు. ఆమె తర్వాత ఆ జనానికి దారి చూపవలసినవాడు వాడే.

వాడి చిన్నతనంలో, సముద్రం వెనక్కి తగ్గే ఆటు వేళ, ఆల్చిప్పల బండలు నీళ్ళలోంచి బయటపడి ఎండకి ఆరేవి. నడుచుకుంటూ పోయి రాతి ఉలితో ఊడగొట్టుకు రావడమే. ఏడాదికేడాది సముద్రం ముందుకు జరిగింది. ఆటు వేళ కూడా బండల మీద మొదట మోకాళ్ళలోతు నీళ్ళుండేవి, తర్వాత గుండెలదాకా వచ్చాయి, ఇప్పుడు తల మునుగుతోంది. చిప్పల్ని పూడిక కప్పేస్తోంది. అంత లోతున ఊపిరి బిగబట్టి పని చేయగలవాడు సొరడొక్కడే. అదే వాడి గొప్ప.

మిగతావాళ్ళు మెల్లగా దిబ్బ వెనక బురదలోకి దిగారు. సముద్రం ఎక్కివచ్చిన చోటల్లా మడచెట్లు మొలిచాయి, వాటి కింద బురదగుల్లలు పుట్టాయి. కాలివేళ్ళతో తడిమి ఏరుకోవాలి. ఆ పనంటే సొరడికి ఒళ్ళు మంట.

"మా తాతలు ఆల్చిప్పలు తిని బతికారు. బురదలో కాళ్ళతో తిండి వెతుక్కునేవి కొంగలు. నా గుడిసెలోకి ఆ గుల్ల రావడానికి వీల్లేదు" అని పెళ్ళానికి చెప్పేశాడు.

చందువ ఒడిలో పసిపిల్ల పాలు చాలక గుక్కపెట్టి ఏడుస్తోంది.

"అదేదో దీనికి కూడా నువ్వే చెప్పు. ఆల్చిప్పలు తిరిగొచ్చేదాకా ఓపిక పట్టమను" అంది చందువ.

సొరడు లేచాడు. నేరుగా గుల్లవ్వ దగ్గరికి పోయాడు.

గుల్లవ్వ ఎండలో కాళ్ళు చాపుకుని తాడు పేనుతోంది.

"అవ్వా, సముద్రాన్ని వెనక్కి పంపే పాట నీకు వచ్చంటారు. నిజమేనా?"

"వచ్చు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు పాడలేదు?"

"ఎవరూ అడగలేదు. పాడతాలే గానీ, ముందు నాకో గొయ్యి తవ్విపెట్టు."

"గొయ్యా? ఎందుకు?"

"పడుకోడానికి. ఇంకెందుకు?"

గురువుకి గొయ్యి శిష్యుడే తవ్వాలి. బతికుండగా అడిగినా కాదనకూడదు. అది వాళ్ళ కట్టుబాటు.

"ఒంట్లో ఎలా ఉందవ్వా?"

"మోకాళ్ళు తప్ప అంతా బాగానే ఉంది. తవ్వరా, పొద్దు ఎక్కుతోంది."

చివర చెక్కిన మడకర్రతో దిబ్బని తవ్వుతూ, తాబేటిడిప్పతో తోడిపోస్తూ సొరడు పనిలో పడ్డాడు. పైనంతా ఆల్చిప్పలే. ఒక్కోటి అరచేయంత ఉంది. వాడి మొహం వెలిగింది.

"చూశావా అవ్వా, మా తాతల తిండి!"

"చూస్తున్నా. నాది చలి ఒళ్ళు. ఇంకాస్త లోతుగా తవ్వు."

నడుములోతు దిగాక కర్ర చప్పుడు మారింది. పెద్ద చిప్పలు ఆగిపోయాయి. వాటి కింద చిన్నచిన్న గీతల గుల్లలు వచ్చాయి. సొరడు ఒకటి తీసి రుద్ది చూశాడు. బురదగుల్లే.

"ఎవడో తెలివితక్కువవాడు తిని పారేసుంటాడు" అంటూ దాన్ని విసిరేశాడు.

తోడుతున్న కొద్దీ అవే. నాలుగు పక్కలా అవే. మొలలోతు గుల్లలు.

"చాలా ఆకలిగల తెలివితక్కువవాడురా వాడు" అంది గుల్లవ్వ పైనుంచి.

సొరడు ఇంకా లోతుకి తవ్వాడు. గుల్లల కింద చేపముళ్ళు వచ్చాయి. చేపముళ్ళ కింద నల్లమట్టి వచ్చింది. అందులో ఒక్క చిప్ప లేదు, ఒక్క గుల్ల లేదు. కాలిన గింజలు, ఎముకలు, విరిగిన కొమ్ము ముక్క ఒకటి. అలాంటి కొమ్మున్న జంతువుని వాడు చూసింది ఎక్కడో కొండల దగ్గర గడ్డి మైదానంలో.

"అవ్వా, ఇది జింక కొమ్ము! జింక ఇక్కడికెలా వచ్చింది?"

"నన్నడిగితే నాకేం తెలుసు? అప్పటికి నేనింకా పుట్టలేదు."

వాడు వంగి చేత్తో మట్టి గీరాడు. మూడు రాళ్ళు బయటపడ్డాయి. వాటి మధ్య బూడిద. చందువ పొద్దున నిప్పు రాజేసే పొయ్యి ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది.

సొరడు ఆ పొయ్యి పక్కన కూర్చుండిపోయాడు. గోతి గోడ వంక కిందినుంచి పైదాకా చూశాడు: జింక, చేప, బురదగుల్ల, ఆల్చిప్ప. మళ్ళీ పైనుంచి కిందికి చూశాడు.

"చాల్లే, లోతు సరిపోయింది" అంటూ గుల్లవ్వ గొంతు సవరించుకుంది. "ఇక పాట మొదలుపెడతాను. సముద్రం ఎంత దూరం పోవాలో చెప్పు. ఆల్చిప్పల దాకానా, జింకల దాకానా?"

సొరడు అరచేతిని గోడకి ఆనించి ఉంచాడు.

"వద్దవ్వా."

"పాడొద్దా?"

"వద్దు. చెయ్యందించు, పైకొస్తాను."

"నా మోకాళ్ళ సంగతి తెలిసి అడుగుతున్నావా? నువ్వే ఎక్కిరా."

వాడు పాకుతూ పైకొచ్చి, ఒళ్ళు దులుపుకుని, గోతి వైపు చూశాడు.

"మరి దీన్నేం చెయ్యను?"

"పూడ్చెయ్. పిల్లలు పడతారు."

"పొద్దుటినుంచి తవ్వించి ఇప్పుడు పూడ్చమంటావా?"

"ఇవాళే చస్తానని నీతో అన్నానా?" అంటూ గుల్లవ్వ మళ్ళీ తాడు అందుకుంది.

ఆ మర్నాటి ఆటుకి సొరడు బురదలో దిగాడు. రెండడుగులు వేసేసరికి తొడలదాకా కూరుకుపోయాడు. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు.

"అదిగో, మా కొంగ కూడా వచ్చింది!" అంది చందువ, చంకలో పిల్లని సర్దుకుంటూ. "అలా మడమ దించితే రేపటిదాకా అక్కడే ఉంటావు. వేళ్ళ మీద నిలబడు. ఊపిరి బిగబట్టకు, ఇక్కడ దానితో పనిలేదు."

వాడు వేళ్ళ మీద నిలబడ్డాడు. మెల్లగా తడిమాడు. బొటనవేలి కింద ఏదో గుండ్రంగా, గట్టిగా తగిలింది. వాడికి తెలియకుండానే నవ్వొచ్చింది.

కొన్నాళ్ళకి చందువ బుగ్గల్లోకి నిగారింపు వచ్చింది. పిల్లకి కడుపునిండా పాలు దొరికాయి. ఒక సాయంత్రం నిప్పుల మీద గుల్లలు టప్పుటప్పున విచ్చుకుంటుంటే, పిలవకుండానే గుల్లవ్వ వచ్చి కూర్చుంది. అందరికంటే ఎక్కువ తిన్నది కూడా ఆమే.

సొరడు మడచెట్ల వైపు చూస్తూ అడిగాడు.

"అవ్వా, ఈ బురద కూడా మునిగిపోతే?"

గుల్లవ్వ చేతిలోని గుల్లని గట్టిగా జుర్రి, మూతి తుడుచుకుంది.

"అప్పటికి నువ్వు ముసలాడివైపోతావు. ఎవడిచేతైనా గొయ్యి తవ్వించుకో."