గురువుకు రెండు మాత్రలు

అనగా అనగా, గడియారాలు ఇంకా పుట్టని కాలంలో, తాటాకు మీద గంటం గీసే చప్పుడే చదువుల చప్పుడైన రోజుల్లో, సారంగపురి అని ఒక విద్యాపీఠం ఉండేది. ఏటి ఒడ్డున పొగడ చెట్లు, వాటి నీడన పాకలు, పాకల నిండా కుర్రకారు. పొద్దున్నే చద్దన్నం, మధ్యాహ్నం ఒక కునుకు, సాయంత్రం ఏట్లో ఈత, తక్కిన వేళంతా చదువు. ఆ రోజులే వేరు లెండి.

అక్కడ మాచన అనే కుర్రవాడు ఛందస్సు చదువుకునేవాడు. వాడికి తల్లీ తండ్రీ లేరు. నలుగురిళ్ళలో వడ్లు దంచి వాణ్ణి పెంచిన అక్క పోలమ్మ ఒక్కతే దిక్కు. మాచనకు పద్యం కంఠతా రావడం ఆలస్యమయ్యేది గానీ, వచ్చిందంటే ఇక పోయేది కాదు. కళ్ళు మూసుకుంటే చాలు, అక్క రోకటి చప్పుడు వినిపించేది.

"వడ్లు దంచేనమ్మ సువ్వి, తమ్ముడొచ్చే వేళ సువ్వి" అని పాడుకుంటూ ఆమె దంచేది. సువ్వి అన్నచోట రోకలి పైకి లేచి ఒక్క లిప్త ఆగేది. ఆ ఊపు మీదే మాచన పద్యాలన్నీ నేర్చుకున్నాడు.

ఆ పీఠంలో ఒక కట్టడి ఉండేది. మూడేళ్ళ చదువు, ఆపైన మూడు పరీక్షలు. గెలిచినవాడి భుజాన పట్టుశాలువా కప్పి కవి అని పేరు పెడతారు. ఓడినవాడు మూటాముల్లె సర్దుకుని ఇంటిదారి పట్టాలి. మాచన మూడేళ్ళూ నిండాయి. "మా తమ్ముడు కవై వస్తాడు" అని అక్క వాడవాడలా చెప్పుకుంటోందని విన్నప్పటినుంచీ వాడికి గుండెల్లో రాయి పడింది.

మాచన నేస్తం కొమ్మన. మనసు వెన్న, కానీ కుదురుగా నిలవదు. పద్యం సగంలో ఉండగా ఉడత కనబడితే ఉడత వెంట పోయేవాడు. వైద్యుడు సింగరయ్య వాడి నాడి పట్టి చూసి, నల్లటి మాత్రలు పొట్లం కట్టి ఇచ్చాడు.

"రోజూ పొద్దున ఒక్క మాత్ర, పాలతో. దీపాలు పెట్టగానే పడక. ఇది నీ నాడి చూసి చేసిన మందు నాయనా. ఇంకొకరి నోట పడితే మందు కాదు సుమా!" అన్నాడు.

మాత్ర వేసుకున్న కొమ్మన కుదురుగా కూర్చున్నాడు. ఉడత ఎదురుగా వచ్చి తోకాడించినా కదల్లేదు. అందరూ ముక్కున వేలేసుకున్నారు.

ఆ పాకలోనే నూకన అని ఒక మాటకారి ఉన్నాడు. తిమ్మిని బమ్మిని చేయగల ఘనుడు.

"ఒరే, నిలవని వాణ్ణే నిలబెట్టిందంటే, నిలిచినవాణ్ణి అందలం ఎక్కించదా? శాస్త్రంలో ఉన్నదేగా! లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. కొమ్మన లఘువు, వాడికి ఒకటి చాలు. రేపు గురువులయ్యేవాళ్ళం, మనకు రెండు!" అన్నాడు.

పాకంతా పకపకా నవ్వింది. పొట్టి అక్షరం లఘువు, దాన్ని పలకడానికి పట్టే కాలం ఒక మాత్ర. పొడుగు అక్షరం గురువు, దానికి రెండు. ఛందస్సులో మాత్ర కాలం, వైద్యంలో మాత్ర మందు. ఈ రెంటికీ ముడిపెట్టడం చదువుకున్నవాళ్ళకే చెల్లింది!

మాచన కూడా చేయి చాచాడు. "రెండే రెండు ఇవ్వరా కొమ్మనా. ఈ గండం గట్టెక్కితే చాలు."

"వైద్యుడు వద్దన్నాడురా."

"ఆయనకేం తెలుసు నా అవస్థ? ఓడిపోతే మా అక్కకు మొహం ఎలా చూపించను?"

అడిగితే కాదనలేని మనిషి కొమ్మన. మాచనకూ, నూకన జట్టుకూ ఇచ్చేశాడు.

మొదటి పరీక్ష ధారణ. మాచన నిద్ర మాని చదివి, నూరు పద్యాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. ఆచార్యులు వల్లభయ్యగారు "భళా!" అన్నారు.

రెండోది వ్యాఖ్యానం. రెండు మాత్రలు కాస్తా నాలుగయ్యాయి. మాచన అడిగిన ప్రశ్నకూ అడగని ప్రశ్నకూ జవాబు చెప్పి గెలిచాడు. కానీ ముద్ద గొంతు దిగలేదు. కునుకు పోయింది, ఈత పోయింది, పలకరించినవాళ్ళ మీద చిర్రుబుర్రులు మిగిలాయి. కళ్ళు మూసుకుంటే రోకటి చప్పుడు కూడా వినబడలేదు. పరీక్షలయ్యాక విందాంలే అనుకున్నాడు.

ఆ రోజే కొమ్మన వంతు వచ్చింది. వాడి పొట్లం ఖాళీ. మాత్రలన్నీ కాబోయే గురువులు మింగేశారు మరి! ప్రశ్న సగంలో ఉండగా పొగడ కొమ్మ మీద ఉడత కదిలింది. కొమ్మన కళ్ళు దాని వెంట పోయాయి.

"పరీక్షలో ఆటలా? చాలు, వెళ్ళు" అన్నారు ఆచార్యులు.

కొమ్మన ఎవరి పేరూ చెప్పలేదు. తల వంచుకుని మూట కట్టుకోవడానికి వెళ్ళాడు. మాచనకు అంతా తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు.

మూడో పరీక్ష ఆశువు. అప్పటికప్పుడు పద్యం కట్టి చెప్పాలి.

"నాయనలారా, మీ ఇంట్లో మీరు విన్న చప్పుళ్ళలో మీకు బాగా ఇష్టమైనది ఏదో, ఉత్పలమాలలో చెప్పండి" అన్నారు ఆచార్యులు.

మాచనకు వడ్డించిన విస్తరి దొరికినట్టయింది. కళ్ళు మూసుకున్నాడు. చప్పుడేదీ? తన గుండె దడ తప్ప ఏమీ లేదు. అక్క ముఖం కూడా సరిగా ఆనలేదు. వాడికి భయం వేసింది. నాలుగు పాదాలు గబగబా కట్టి గబగబా చదివేశాడు.

ఆచార్యులు వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నారు.

"గణాలు కుదిరాయి. ప్రాస కుదిరింది. యతి ఏదీ నాయనా? నాలుగు పాదాల్లో ఒక్కచోటైనా లేదే!"

యతి అంటే విశ్రాంతి. పాదం ముందుకు పోతూ పోతూ నడుమ కాస్త ఆగి, తాను బయలుదేరిన అక్షరాన్ని తలచుకునే చోటు. ఎంత మంచి మాటో చూడండి!

"గొంతు బొంగురుపోయిందని చెప్పు. ఇంకోసారి అడుగుతారు" అని వెనకనుంచి నూకన గొణిగాడు.

మాచన తలెత్తాడు. వాకిట్లో మూట చంకన పెట్టుకుని కొమ్మన నిలబడి ఉన్నాడు. నేస్తం గెలుపు చూసి పోదామని ఆగాడు పాపం. మాచనకు దుఃఖం ఆగలేదు.

"గురువుగారూ, నాలో మాత్రలు ఎక్కువైపోయాయి. యతి పోయింది. అవి కొమ్మన మాత్రలండీ. వాడు ఓడలేదు. మేమే వాణ్ణి దోచుకున్నాం."

ఆచార్యులు లేచి వాకిట్లోకి నడిచారు. తరువాత కొమ్మన చంకలోంచి మూట తీసుకుని కింద పెట్టారు.

"నేను ఉడతను చూశాను గానీ పిల్లవాణ్ణి చూడలేదు" అన్నారు.

సింగరయ్య కొత్త పొట్లం కట్టాడు. కొమ్మన మళ్ళీ పరీక్షకు కూర్చుని గెలిచాడు. నూకనకూ అతని జట్టుకూ శాలువాలు రాలేదు, చీవాట్లు వచ్చాయి.

"నీకూ ఈ ఏడు శాలువా లేదు" అని ఆచార్యులు మాచనతో అన్నారు. "అయితే నిజం చెప్పినవాణ్ణి ఇంటికి పంపే కట్టడి మాకు లేదు. మళ్ళీ ఏడు చూద్దాం. ముందు వెళ్ళి పడుకో."

మాచన వంటపాక అరుగు మీద వాలి, ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. మెలకువ వచ్చేసరికి పెరట్లో ఎవరో వడ్లు దంచుతున్నారు. అక్కే అనుకున్నాడు ఒక్క లిప్త. కాదని తెలిశాక కూడా కళ్ళలో నీళ్ళు ఆగలేదు. ఆ నీళ్ళతోపాటే పద్యం దానంతటదే వచ్చింది, ఎక్కడి యతి అక్కడ పెట్టుకుని.

మరుసటి ఏడు ఆశువులో మాచన అదే ఊపు మీద కొత్త పద్యం కట్టి గెలిచాడు. శాలువా తీసుకెళ్ళి అక్క భుజాన కప్పాడు. కొన్నాళ్ళకు ఆ పీఠానికే ఆచార్యుడయ్యాడు. "గురువుకు రెండు మాత్రలు" అని పాఠం చెప్పినప్పుడల్లా కుర్రకారు వెనక ఏదో గుసగుసలాడి నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదు. "మరి యతి?" అని అడిగి, అందరినీ మధ్యాహ్నపు కునుక్కి తోలేవాడు.

యతి తప్పితే పద్యం చెడుతుంది, నిద్ర తప్పితే చదువు చెడుతుంది. ఒకరి మందు ఇంకొకరు మింగితే ఇద్దరూ చెడతారు.