ఐదు రాళ్లు, ఒక్క తప్పు

రోహిణి కార్తె ఎండలకు అడవిలో వాగులన్నీ ఎండిపోయి ఒకే ఒక్క మడుగు మిగిలింది. అందరూ తాగేదాకా ఎవరూ అందులో దిగి బురద చేయకూడదని కట్టుబాటు. మీరినవాళ్లు తప్పుకు మూడు రోజుల చొప్పున మడుగు ఛాయలకు రాకూడదు. చూసినవాళ్లు సాక్ష్యంగా తలా ఒక రాయి తెచ్చి బండ మీద పెడితే, నక్క గుమాస్తా లెక్క కట్టి శిక్ష చెప్పేది. పని తక్కువైనా దర్జాకు మాత్రం లోటు లేదు దానికి.

ఓ మంగళవారం పొద్దున అడవిగేదె ఉక్క తాళలేక అందరికంటే ముందే మడుగులో దిగింది. ఐదుగురు చూశారు.

"ఐదు రాళ్లు, ఐదు తప్పులు. పదిహేను రోజులు!" అని తేల్చేసింది నక్క.

నీళ్లకు బదులు పచ్చి దుంపలు నమిలి గేదె నాలుగు రోజులు ఎలాగో నెట్టుకొచ్చింది. చర్మం పగిలింది, కళ్లు తిరిగాయి. ఇంకో పదకొండు రోజులంటే బతకనని దానికి తెలిసిపోయింది. ఐదో రోజు పొద్దున్నే నక్క ముందు నిలబడింది.

"గుమాస్తా గారూ, లెక్క తప్పింది. నేను దిగింది ఒక్కసారే."

నక్క గతుక్కుమంది. తప్పని దానికీ అర్థమైంది. కానీ దిద్దుకుంటే పరువేం కావాలి?

"తప్పు చేశానని నువ్వే ఒప్పుకున్నావుగా! ఇక మాట్లాడ్డానికేముంది?"

"చేశాను, కాదనను. మూడు రోజులు నావి. మిగతా పన్నెండూ ఎవరివి?"

"అడవి పెద్ద ఏనుగు దగ్గరికి అప్పీలుకు పోతే ముప్పై వేస్తుంది, చూసుకో!"

"వేస్తే వేయనీ. పదండి."

ఏనుగు అడవినంతా బండ దగ్గరికి పిలిచింది.

"పెద్దయ్యా, ఒక్కో రాయికీ ఒక్కో తప్పు చెప్పించండి, చాలు," అంది గేదె.

నక్క గొంతు సవరించుకుంది. "ఇది కొంగ రాయి. మంగళవారం పొద్దున గేదె మడుగులో దిగింది. ఇది కుందేలు రాయి. మంగళవారం పొద్దున... గేదె మడుగులో దిగింది."

ఉడుత కిసుక్కున నవ్వింది. నక్కకు ఒళ్లు మండింది.

"ఎన్ని రాళ్లుంటే అన్ని తప్పులు! అదే నా లెక్క!"

"అలాగే కానివ్వండి," అంది గేదె తాపీగా. "గుమాస్తా గారు లెక్క తప్పడమూ తప్పే. అది ఇక్కడ అందరూ చూశారు కదా. తలా ఓ రాయి పెట్టండి."

అడవి అడవంతా కదిలింది. చూస్తుండగానే బండ నిండిపోయింది. నక్క మనసులోనే లెక్క వేసుకుంది. నలభై రాళ్లు, నూట ఇరవై రోజులు! దానికి ముచ్చెమటలు పట్టాయి.

"అన్యాయం! నేను చేసింది ఒక్క తప్పేగా!"

"విన్నారుగా పెద్దయ్యా," అంది గేదె.

ఏనుగు తల ఊపింది. "గేదెకు పడాల్సింది మూడు రోజులు. నాలుగు గడిచాయి. వెళ్లి నీళ్లు తాగమ్మా, ఆ ఎక్కువైన రోజుకు మమ్మల్ని మన్నించు. గుమాస్తా, భయపడకు. నీకూ మూడు రోజులే."

గేదె కడుపారా తాగుతుంటే, నక్క పొడిబారిన నాలుకతో దుంపలు వెతుక్కుంటూ పోయింది.

నీతి: తప్పు ఒప్పుకున్నవాడు తప్పుడు లెక్కను కూడా ఒప్పుకోవాలని లేదు.