తేటరసానికి సాక్ష్యం

జ్వరం తగ్గినా రాజుగారి నాలుకకు రుచి తెలియడం లేదు. "వారంపాటు కూరగాయల తేటరసమే ఇవ్వండి. మడ్డి ఉంటే అరగదు" అన్నాడు వైద్యుడు.

పెద్ద వంటవాడు శరభయ్య భగభగా మంట పెట్టి, గరిటెతో కలియతిప్పి, బురదలాంటి రసం దించాడు. కూరలు తరిగే నాంచారమ్మ మాత్రం నాలుగు శేర్ల నీళ్ళలో ముల్లంగి, గుమ్మడి ముక్కలు వేసి, సన్నసెగ మీద మూడు శేర్లయ్యేదాకా కదపకుండా ఉంచింది. నురగ తీసేసి, గుడ్డలో పోసి, పిండకుండా దానంతటదే కారనిచ్చింది. అద్దంలాంటి తేట దిగింది. వైద్యుడు ఆ గిన్నెనే ఎంచాడు.

శరభయ్యకు ఒళ్ళు మండింది. రాజుగారి ముందే ఒక గుక్క తాగి, "ప్రభూ, ఇవి వట్టి వేడినీళ్ళు! ఈవిడ మిమ్మల్ని పస్తు పెడుతోంది" అన్నాడు.

రాజు కళ్ళెర్రజేశాడు. "అదే నిజమైతే నీకు కోటలో చోటులేదు, నాంచారమ్మా."

నాంచారమ్మ గుడ్డలో మిగిలిన ముక్కలు తెచ్చి శరభయ్య ముందు పెట్టింది. "ఇవి కూడా రుచి చూసి చెప్పండయ్యా."

ఇంకో తప్పు దొరికిందనుకుని శరభయ్య రెండు ముక్కలు నమిలి, తుపుక్కున ఉమ్మేశాడు. "థూ! ముల్లంగికి ఘాటు లేదు, గుమ్మడికి తీపి లేదు. దీనికన్నా గడ్డి నయం!"

"కుండలో ముక్కలూ నీళ్ళూ తప్ప ఇంకేమీ లేవు కదయ్యా. మరి ముక్కల్లో లేని ఘాటూ తీపీ ఎక్కడున్నట్టు?"

రాజు గిన్నె ఎత్తి గుటగుటా తాగేశాడు.

"నా నాలుక చెప్పలేనిది నీ నాలుకే చెప్పింది, శరభయ్యా. ఈ వారమంతా తేట నాకు, ముక్కలు నీకు."