చెంగమ్మ నమ్మని పాట

చెప్పినవాళ్లు మట్టిలో కలిశారు, విన్నవాళ్లం మిగిలాం. మనమూ చెప్పే పోదాం. ఏ రాజు ఏలుతుండగా జరిగిందో తెలీదు. కొండకీ ఏటికీ నడుమ ఏటిగడ్డ అని ఒక పల్లె. ఆ పల్లెలో చెంగమ్మ అని ఒక ముసలామె.

చెంగమ్మకు మొగుడు పోయాడు, బిడ్డలు లేరు. ఉన్నదల్లా ఒక రోలు, ఒక రోకలి, ఒక చేట. ఊరందరి కొర్రలూ దంచిపెట్టేది. వాళ్లు పెట్టిన గింజలతో పొద్దు గడుపుకునేది. ఊళ్లో ఆమెను వట్టి చెంగమ్మ అని ఎవరూ అనరు. అనుమానాల చెంగమ్మ అంటారు.

పాలు పోస్తే వాసన చూడందే తీసుకోదు. తాడు పేనిస్తే లాగి చూడందే కట్టదు. ఎవరైనా దారిన పోతూ "బాగున్నావా అవ్వా?" అంటే, "ఏం, ఎందుకడుగుతుండావు?" అంటుంది.

అందరికంటే ఎక్కువ అనుమానం ఆమెకు తన మీదే. సందెవేళ దీపం ముట్టించి దండం పెట్టేది. పెట్టి, కాసేపు అలాగే నిలబడేది. ఆ తర్వాత స్వామితో అనేది, "స్వామీ, ఇవాళ నేను రాలేదు. నా చేతులు మాత్రం వచ్చాయి. ఊరిపెద్ద ఓబులయ్య ఇంట్లో బెల్లం వండుతుంటే నేను అక్కడుండిపోయాను. రేపు నన్ను నేను తీసుకొస్తాలే."

ఇరుగుపొరుగు విని నవ్వేవాళ్లు.

"నవ్వండి, నవ్వండి" అనేది చెంగమ్మ. "మనసు మెడలో గంట లేని గొడ్డు. పక్కనే ఉందనుకుంటాం. అది పక్కూరి చేలో మేస్తుంటుంది."

ఇలా ఉండగా ఒకనాడు ఆ ఊరికి ఒక దాసు వచ్చాడు. పేరు కోనదాసు. చేతిలో తంబూర, భుజాన జోలె, అంతే. భజన గుడి అరుగు మీద కూర్చుని పాడాడు. ఆ పాట విని గంగిగోవు మేత మానిందని ఊరంతా చెప్పుకుంది. చెంగమ్మ మాత్రం నమ్మలేదు.

"గోవు కడుపు నిండి మానిందేమో! చూద్దాం" అంది.

మొదటిరోజు అతనికి అంబలి పోసింది. అందులో దోసెడు ఉప్పు కలిపింది. దాసు తాగాడు. ముఖం చిట్లించలేదు. "అవ్వా, కొంచెం నీళ్లు పోస్తావా, ఇంకాస్త తాగుతాను" అన్నాడు.

రెండోరోజు నడివీధిలో నిలబెట్టి తిట్టింది. "పని చేతగాక పాటలు పట్టుకున్నావురా" అంది. దాసు తల వంచుకున్నాడు. "నిజమే అవ్వా. నాకు ఇంకే పనీ రాదు" అన్నాడు.

మూడోరోజు ఏ ఇంటా బిచ్చం వెయ్యనివ్వలేదు. దాసు పస్తున్నాడు. పస్తుండి కూడా ఎప్పటిలాగే పాడాడు. పాటలో నీరసముంది గానీ కోపం లేదు.

అప్పుడు చెంగమ్మ వీధిలోకొచ్చి చెప్పింది. "ఈ మనిషి నిజం."

ఊరు నోరు వెళ్లబెట్టింది. చెంగమ్మే నిజమందంటే ఇంక వెలితేముంది! ఊరిపెద్ద ఓబులయ్య స్వయంగా వచ్చి దాసును గుడిలో ఉండిపొమ్మన్నాడు. రోజుకొక ఇంటి నుంచి కూడు. పండక్కొక కొత్త పంచె. చుట్టుపక్కల ఊళ్ల నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. కాళ్లు మొక్కేవాళ్లు. "ఇంతటి భక్తుడు ఎక్కడా లేడు" అనేవాళ్లు.

ఉప్పుతో చూసింది చెంగమ్మ. తిట్టుతో చూసింది. ఆకలితో చూసింది. పొగడ్తతో చూడాలని ఆమెకు తోచలేదు. ఆ పరీక్ష ఊరే పెట్టింది.

ఒకనాడు భజనలో వెనక కూర్చుని ఉండగా, దాసు పాట మధ్యలో ఒక కన్ను తెరవడం చెంగమ్మ చూసింది. ఎవరెవరొచ్చారో చూసి మళ్లీ మూశాడు. భజనయ్యాక దగ్గరికి పోయింది.

"దాసూ, నీ గొడ్డు కట్టు దగ్గర లేదు నాయనా."

దాసు నవ్వాడు. "నాకు గొడ్లెక్కడివి అవ్వా?"

ఇంకొకనాడు పాట మొదలు కాలేదు. జనం కూర్చునే ఉన్నారు. దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఓబులయ్య బండి వచ్చేదాకా దాసు తంబూర శ్రుతి చేస్తూనే ఉన్నాడు. చెంగమ్మ మళ్లీ పోయింది.

"దాసూ, స్వామి ముందే వచ్చి కూర్చున్నాడు. ఎవరి కోసం చూశావు నాయనా?"

దాసు ఈసారి నవ్వలేదు.

మరొకనాడు దాసు పాడుతూ పాడుతూ ఏడ్చాడు. జనం కూడా ఏడ్చారు. మరునాడు అదే పాట, అదే చరణం, అదే చోట కన్నీళ్లు. ఆ మరునాడూ అంతే. చెంగమ్మ మూడోసారి పోయింది.

"దాసూ, ఆ నీళ్లు ఎక్కడివి?"

దాసు ముఖం ఎర్రబడింది. అందరూ వింటుండగానే అన్నాడు, "నీది అనుమానం కాదు ముసలీ, కుళ్లు. దేవుడి ముందు కూడా రాళ్లేరే బుద్ధి నీది. నీ నీడ పడితే నాకు పాట రాదు."

అంతే, ఊరు చెంగమ్మ మీద విరుచుకుపడింది. గుడి మెట్టెక్కవద్దన్నారు. కొర్రలు దంచడానికి ఇవ్వడం మానేశారు.

చెంగమ్మ ఇంటికొచ్చి దీపం ముందు కూర్చుంది. ఏడవలేదు. అనుమానించింది.

"స్వామీ, వాడన్నది నిజమేనేమో! నాకెవరూ దండం పెట్టరు, వాడికి పెడతారు. అందుకే నాకు మంటేమో! నాలో కుళ్లుంటే చూపించు." కళ్లు మూసుకుని చాలాసేపు తన లోపల వెతుక్కుంది. కుళ్లు కనబడింది. కొంచెమే, గానీ ఉంది. "ఉంది స్వామీ" అంది. "ఉన్నా సరే, వాడి కన్నీళ్లు మాత్రం వాడివి కావు."

ఆ ఏడు వానలు వెనకబట్టాయి. కార్తెలు పోతున్నాయి, చినుకు లేదు. జనం దాసు చుట్టూ చేరారు. వెనకటి దాసు అయితే "నాకేం తెలుసు, అందరం కలిసి ఆయన్నే అడుగుదాం" అనేవాడు. ఇప్పుడు అందరి కళ్లూ తన మీదున్నాయి. ఆ కళ్ల ముందు 'తెలీదు' అనే మాట నోట రాలేదు.

"స్వామి నాతో చెప్పాడు" అన్నాడు దాసు. "అమావాస్యకు వాన. విత్తనం వేసుకోండి."

ఊరు ఊరంతా విత్తడానికి గొర్రు కట్టింది. చెంగమ్మ పొలిమేరలో అడ్డం నిలబడింది.

"సగమన్నా దాచుకోండయ్యా! పిల్లలు గలవాళ్లు!"

"తప్పుకో అవ్వా" అన్నాడు ఓబులయ్య. "దాసు మాట మీద అనుమానమా? నిజమని చెప్పింది నువ్వు కాదూ!"

చెంగమ్మ పక్కకు తప్పుకుంది. నేరుగా దాసు దగ్గరికి పోయి, అందరి ముందూ అడిగింది. "గుండె మీద చెయ్యేసి చెప్పు నాయనా. స్వామి నీతో చెప్పాడా?"

దాసు జనాన్ని చూశాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "చెప్పాడు" అన్నాడు.

చెంగమ్మ వెళ్లిపోయింది.

అమావాస్య వచ్చింది. చిత్రం, చినుకులు పడ్డాయి! జనం వచ్చి దాసు కాళ్ల మీద పడ్డారు. ఎవరికీ చెప్పలేదు గానీ, అందరికంటే ఆశ్చర్యపోయింది దాసే. నిజంగానే స్వామి తనతో చెప్పాడేమో అనుకున్నాడు. అనుకుని, నమ్మాడు.

ఆ చినుకులకు విత్తనం మొలిచింది. చేలన్నీ పచ్చగా నవ్వాయి. అంతే, మళ్లీ చుక్క లేదు. ఎండ కాసింది. మొలకలన్నీ మాడిపోయాయి. ఊళ్లో తినడానికి గింజల్లేవు, మళ్లీ వేసుకోవడానికి విత్తనం లేదు.

నిన్న కాళ్లు మొక్కిన చేతులే కర్రలు పట్టుకున్నాయి. దాసు తంబూర చంకన పెట్టుకుని ఏటి దారి పట్టాడు. ఏటి ఒడ్డున చెంగమ్మ కూర్చుని ఉంది.

"నువ్వు ఈ దారినే పోతావని అనుమానమొచ్చింది" అంది.

దాసు కూలబడిపోయాడు. "అవ్వా, నేనెప్పుడు ఇట్లా అయ్యాను? మొదట నిజంగానే పాడాను కదా! ఎక్కడ తప్పిపోయాను?"

"అదే నాయనా మాయ. ఒక్కసారిగా పోతే తెలిసేది. అడుగూ అడుగూ పోయావు. ఇంక పారిపోతే ఆ మిగిలిన నిజమూ పోతుంది. లే. పోయి చెప్పు."

"చంపేస్తారు."

"చంపొచ్చు. నేనూ వస్తా. నిన్ను నిజమన్న నోరు నాది గదా."

ఇద్దరూ వెనక్కొచ్చారు. కర్రలు పైకి లేచాయి. దాసు గుడి ముందు నిలబడి అన్నాడు, "స్వామి నాతో ఏమీ చెప్పలేదు. మీరు చూస్తున్నారని చెప్పాను." ఒక దెబ్బ పడింది. రెండో దెబ్బకు చెంగమ్మ అడ్డం వచ్చింది, అది ఆమె భుజాన పడింది. కొట్టినవాడు కర్ర వదిలేశాడు.

"వీణ్ణి చంపితే మొలకలు లేస్తాయా?" అంది చెంగమ్మ. "ఊరూరా తిప్పండి. విత్తనం అడుక్కొస్తాడు. వట్టిగా కాదు, చేసింది చెప్పి అడుక్కొస్తాడు. మాట మారుస్తాడేమోనని నాకు అనుమానం. నేను వెంట పోతా."

అలా ఇద్దరూ బయల్దేరారు. మొదటి ఊళ్లో దాసు నోరు పెగల్చుకుని చెప్పాడు. "అబద్ధం చెప్పి మా ఊరి విత్తనం మట్టి చేశాను. ధర్మం చెయ్యండి." కుక్కల్ని వదిలారు.

రెండో ఊళ్లోనూ అదే చెప్పాడు. తిట్టి, చేటెడు గింజలు పోశారు.

మూడో ఊళ్లో దాసు రచ్చబండ ఎక్కాడు. తన పాపం వివరంగా చెప్పాడు. గొంతు వణికించాడు. రొమ్ము కొట్టుకున్నాడు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. "తప్పు ఒప్పుకున్న మహానుభావుడు" అన్నారు. మూటలు మూటలుగా గింజలు వచ్చి పడ్డాయి.

ఊరు దాటాక చెంగమ్మ ఆగింది. "దాసూ."

దాసు తల ఎత్తలేదు. "తెలుసవ్వా" అన్నాడు. "సగంలోనే తెలిసింది. ఆడవాళ్లు ఏడుస్తుంటే తియ్యగా ఉండింది. పాపం చెప్పుకోవడం కూడా పాటైపోయింది."

చెంగమ్మ మొదటిసారి అతని తల మీద చెయ్యి పెట్టింది. "నేను చెప్పకముందే తెలుసుకున్నావు. నీ గొడ్డుకు గంట కట్టుకున్నావు నాయనా."

ఆ తర్వాత ఏ ఊళ్లోనైనా దాసు ఒక్క మాటే అన్నాడు. "అబద్ధం చెప్పాను. విత్తనం కావాలి." ఇచ్చినవాళ్లు ఇచ్చారు, లేనివాళ్లు లేదన్నారు. వెనక వచ్చిన వానలకు ఏటిగడ్డ మళ్లీ విత్తింది. పంట అంతంతమాత్రం. కానీ ఆ ఏడు ఎవరూ ఆకలికి చావలేదు.

చెంగమ్మ మాత్రం ఆ తిరుగుడుకు మంచం పట్టింది. ఊరంతా గుడిసె ముందు చేరింది. ఆమెను గుడి మెట్టెక్కనివ్వని ఓబులయ్య వచ్చి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "నువ్వు దేవతవమ్మా. నీకు గుడి కట్టిస్తా" అన్నాడు.

చెంగమ్మ కళ్లు తెరిచింది. "ఓబులయ్యా, ఆ మాట ఆపు నాయనా. నాకది బాగుంది. ఈ చావు గడియలో కూడా బాగుంది. అందరూ బయటికి పోండి. పోయేముందు నేనొక్కదాన్నీ స్వామితో కాసేపు ఉండాలి."

అందరూ బయటికొచ్చి తలుపు దగ్గరగా వేశారు. లోపల ఆమె ఏమన్నదో ఎవరూ వినలేదు. తలుపు తీసేసరికి ప్రాణం పోయింది.

ఓబులయ్య గుడి కడతానన్నాడు. దాసు వద్దన్నాడు. మరి ఆమె గుర్తు ఎట్లా అని ఊరు అడిగింది. ఆ సాయంత్రం భజనకు జనం వస్తే, గుడి తలుపు లోపల నుంచి వేసి ఉంది. జనం బయటే నిలబడ్డారు. కాసేపటికి దాసు తలుపు తీశాడు. "ఇంక రండి" అన్నాడు.

అప్పటి నుంచీ ఆ సీమలో అదే ఆనవాయితీ. భజనలో మొదటి పాట ఎవరూ వినరు. పాడేవాడు ఒక్కడే లోపలికి పోయి తలుపు వేసుకుంటాడు. బయటివాళ్లు వీధి వైపు తిరిగి నిలబడి, ఎడ్ల గురించీ ఎరువుల గురించీ పెద్దగా మాట్లాడుకుంటారు, పొరపాటున కూడా ఆ పాట చెవిన పడకూడదని. దాన్ని చెంగమ్మ పాట అంటారు.

లోపల పాడాడో, ఊరికే కూర్చున్నాడో ఎవరికి తెలుస్తుందని కొత్తవాళ్లు అడుగుతారు. ఎవరికీ తెలీదంటారు ఊరివాళ్లు.

ఒక్కోనాడు ఏమవుతుందంటే, తలుపు కొంచెం తెరుచుకుంటుంది. పాడేవాడు తల బయటపెట్టి, "నేనింకా రాలేదు. కాసేపు ఆగండి" అని మళ్లీ వేసుకుంటాడు. ఎవరూ నవ్వరు. ఎవరూ విసుక్కోరు. చీకటి పడినా సరే, పిల్లల్ని చంకనేసుకుని అలాగే నిలబడి ఉంటారు.