మూడు గెడ్డల గున్నమ్మ

అనగా అనగా, కొండలకింకా పేర్లు పెట్టని రోజుల్లో ఒక ఊరు. ఆ ఊరి వైపు కొండ మీంచి మూడు గెడ్డలు, అంటే కొండవాగులు, దిగేవి. ఊరి గెడ్డ, నడిమి గెడ్డ, నల్ల గెడ్డ.

ఆ ఊళ్లో గున్నమ్మని ఒక ముసలామె. కొండచీపుళ్లు కోసి, కట్టలు కట్టి అమ్ముకునేది.

ఒక ఎండాకాలం ఊరి గెడ్డ నీళ్లు తాగిన పిల్లలకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఇద్దరు పోయారు. గున్నమ్మ మనవరాలూ మంచం పట్టింది. నడిమి గెడ్డ సన్నబడిపోయింది. నల్ల గెడ్డ జోలికి ఎవరూ పోరు. చీకటి అడవిలో నల్లగా పారుతుంది, దయ్యాలుంటాయని భయం.

ఊరిపెద్ద గంగన్నదొర అన్నాడు: "నల్ల గెడ్డ అడవి తగలబెట్టేద్దాం. దయ్యాలూ పోతాయి, పోడు సాగుకి నేలా దొరుకుద్ది."

"ఆ నీళ్లెలాటివో ఎవరైనా చూశారా నాయనా?" అంది గున్నమ్మ.

"అక్కడికెవరు పోతారత్తా?"

"నేను పోతాను. వచ్చేదాకా నిప్పు పెట్టకండి."

"పొద్దు నడినెత్తికొచ్చేదాకా చూస్తాం. ఆ తర్వాత ఆగలేం."

గున్నమ్మ బయల్దేరింది. చిన్నప్పుడు పీతల కోసం ఊళ్లో అందరూ గెడ్డల్లో రాళ్లు తిప్పినవాళ్లే. జీవి బతికే నీళ్లలో మనిషీ బతుకుతాడనుకుంది.

ఊరి గెడ్డలో రాయి తిప్పింది. పాచి, కుళ్లు వాసన. ఒక్క పురుగు లేదు. గెడ్డ పుట్టిన చోట చెట్టూ లేదు.

నడిమి గెడ్డలో రాయి తిప్పింది. ఒకే ఒక్క పీత, బక్కచిక్కి. ఒడ్డున సగం చెట్లు మోడులు. "ఇంకా ఊపిరుంది" అనుకుంది.

నల్ల గెడ్డకి చేరింది. కళ్లు మూసుకుని రాయి తిప్పింది. చెయ్యి జిల్లుమంది. కళ్లు తెరిస్తే పీతలు, నత్తలు, చేపపిల్లలు బిలబిల్లాడుతున్నాయి. నీళ్లు నల్లన కాదు, చెట్ల నీడ నల్లన!

అప్పుడే పొగ వాసన. తలెత్తితే పొద్దు నడినెత్తి దాటిపోయింది.

కొండెక్కితే తను బతుకుతుంది. కిందికి దిగితే మంట. మంచం మీది మనవరాలు గుర్తొచ్చింది. వెదురుగొట్టం నింపుకుని, తడిపిన చెంగు మూతికి చుట్టుకుని, గెడ్డలోనే నడుచుకుంటూ మంటలోకి దిగింది. ఒకసారి పడింది, లేచింది. రెండోసారి పడింది, లేచింది. మూడోసారి పాకుతూ బయటపడింది.

"అత్తా!" గంగన్నదొర పరుగెత్తుకొచ్చాడు.

గున్నమ్మ గొట్టం అతని చేతిలో పెట్టింది. అందులో చేపపిల్ల గిరగిరా తిరుగుతోంది. కాలిన వేలితో బూడిదలో మూడు గెడ్డలకి మూడు గీతలు గీసింది.

"ఇది బతికుంది. ముట్టుకోకండి. ఇది చిక్కిపోయింది. చెట్లు నాటండి. ఇది చచ్చింది, మనం చెట్లు నరకబట్టే. చచ్చిందని దీన్నొదిలెయ్యకండి."

గంగన్నదొర వెనక్కి తిరిగాడు. పచ్చికొమ్మ విరిచి మంట మీద బాదాడు. ఊరంతా బాదింది. సగం అడవి మిగిలింది.

మనవరాలు ఆ నీళ్లతోనే కోలుకుంది. పొగ మింగిన గున్నమ్మ మాత్రం తొలకరి చూడలేదు.

ఇప్పటికీ ఆ కొండల్లో వానలకి ముందు ఆడవాళ్లు వాకిట్లో బూడిదతో గెడ్డలన్నీ గీస్తారు. చిక్కిన గెడ్డ గీత మీద విత్తనం పెడతారు. ఆ విత్తనం ఆ గెడ్డ ఒడ్డునే నాటాలి. ఎవరైనా గెడ్డ పక్కన గొడ్డలెత్తితే, పక్కవాడు ఒక్కటే అడుగుతాడు:

"గున్నమ్మనడిగావా?"

ఎంత దొరైనా గొడ్డలి దించాలి. నీళ్లలోకి దిగాలి. రాయి తిప్పి చూడాలి.