అరిగిన లైనర్లు

ఆర్నెల్లలో మూడు గుద్దుళ్ళు. మూడోసారి గంగులయ్య లారీ ఒక ఆటోను వెనకనుంచి గుద్దితే, అందులోని ముసలామెకు కాలు విరిగింది. ఓనరు తేల్చి చెప్పేశాడు. లారీ నడపడం నేర్పిన ఖాదర్ సాయిబు సరేనంటేనే మళ్ళీ బండి, లేదంటే ఇంటికి పొమ్మన్నాడు.

గిద్దలూరులో గురువు నడిపే రిపేరు షెడ్డుకొచ్చి, తప్పంతా ఎదుటివాళ్ళదేనని ఏకరువు పెట్టాడు గంగులయ్య. ఆటోవాడు అడ్డమొచ్చాడట, ట్రాక్టరువాడు దారివ్వలేదట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు చివరికి రోడ్డును కూడా తిట్టాడు.

"నీకు కోపమెక్కువ," అన్నాడు సాయిబు.

"నాకా? ఎవర్నన్నా కొట్టింటినా? అయినా కోపమేమన్నా జొన్నలా గురువా, మానికతో కొలిచేదానికి?"

సాయిబుకు నవ్వొచ్చింది. నలభై ఏళ్ళు నల్లమల ఘాట్లో లారీ తోలిన మనిషి, వాదనకు దిగలేదు. జాకీ తెమ్మన్నాడు.

గుద్దినాక షెడ్డులోనే పెట్టిన గంగులయ్య బండి వెనక చక్రం విప్పించాడు. పక్కనే సర్వీసుకొచ్చిన ఇంకో డ్రైవరు ఓబులేసు బండి చక్రమూ విప్పించాడు. రెండూ ఒకే ఓనరువి. అదే దారి, అదే నాపరాళ్ళ లోడు. ఉగాదికి రెండింటికీ ఒకే డబ్బాలోంచి తీసి, చక్రాన్ని ఒరుసుకుని ఆపే బ్రేకు లైనర్లు బిగించింది సాయిబే.

ఓబులేసు లైనరు ఇంకా వేలి మందం ఉంది. గంగులయ్యది రివెట్లు తేలి రేకయిపోయింది.

"చెయ్యి పెట్టి చూడు," అన్నాడు సాయిబు.

గంగులయ్య తడిమాడు. తనను దాటిపోయిన ప్రతి బండినీ తరుముకుంటూ పోయి, దాని వెనకే పడి తొక్కిన బ్రేకులన్నీ గుర్తొచ్చాయి. సిగ్గేసింది. పైకి మాత్రం సరుకు మంచిది కాదేమో అన్నాడు. సాయిబు ఓబులేసు లైనరు వైపు చూశాడంతే.

గంగులయ్య గొంతు తగ్గించాడు. "కొత్తవి వెయ్యి గురువా, సాయంత్రం లోడుకు పోతా."

"వేస్తా. కోపంతో అరగదీసిన బ్రేకు, బిడ్డ అడ్డమొచ్చిన నాడు దొరకదురా."

కొత్త లైనర్లు బిగించినా, ఆ వారమంతా గంగులయ్య బండి అడగలేదు.