ముల్లు చూసి వేసిన మార్కులు

గడ్డివాము వెనక కోళ్ళ బడి ఒకటి ఉండేది. అక్కడ లెక్కల మాస్టారు ముసలి పుంజు. ఆయన సిద్ధాంతం ఒక్కటే: లెక్కలు పుంజు కాలి వెనక ముల్లులో ఉంటాయి, పెట్టలకి ముల్లు లేదు, కాబట్టి లెక్కలూ రావు. మాస్టారి ముక్కు మహా వాడి కనక ఎవరూ కాదనలేదు.

చుక్కల పెట్ట సరైన జవాబు చెబితే, "బట్టీ పట్టావు, పాపం కష్టజీవివి" అని సగం మార్కులేసేవాడు. ఆయన మేనల్లుడు ఎర్రపుంజు తప్పు చెబితే, "బుర్రున్న వెధవ, కాస్త తొందరెక్కువ" అని నిండా వేసేవాడు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ. పెట్టకి ఒళ్ళు మండిపోయేది.

ఆ ఏడు కొండమీది పెద్దబడిలో ఒక్కటే చోటుంది. పోటీకి మిగిలింది వీళ్ళిద్దరే. ఓడితే పెట్ట చదువు అక్కడితో సరి, ఇక గుడ్ల మీద కూర్చోవడమే.

పెద్దబడి నుంచి ఎద్దు పరీక్ష చూడ్డానికి వచ్చింది. మాస్టారు లెక్క ఇచ్చాడు: "పన్నెండు కోళ్ళకి తలా ఏడు గింజలు పెట్టగా ఎనిమిది మిగిలాయి. మొదట ఎన్ని?" తడిమట్టి పలక మీద జవాబు రాసి, కింద కాలిముద్ర వేయాలి. అదే సంతకం.

ఇద్దరూ రాసి ముద్రలు వేశాక, అందరూ నీళ్ళు తాగడానికి వెళ్ళగానే పెట్ట పుల్లతో తన ముద్ర వెనక ముల్లు గీసింది. ఎర్రపుంజు ముద్రలో ముల్లు చెరిపేసింది.

మాస్టారు ముల్లు లేని పలక తీశాడు. "ఇరవై ఏడట! కనబడ్డ అంకెలన్నీ కలిపేసింది. పెట్ట బుద్ధి, దొరికిందల్లా గంపలో వేయడమే!"

రెండోది చూసి రెక్కలు కొట్టాడు. "తొంభై రెండు! ముల్లున్న బుర్రంటే ఇదీ! నూటికి నూరు!"

"ఎలా చేశావు నాయనా?" అని ఎద్దు మేనల్లుణ్ణి అడిగింది.

"అదెంత పనండీ! పన్నెండూ, ఏడూ, ఎనిమిదీ కలిపాను. ఇరవై ఏడు. కదా మామయ్యా?"

"నోర్ముయ్‌రా!"

"ఏడు పన్నెండ్లు ఎనభై నాలుగండీ," అంది పెట్ట. "మిగిలిన ఎనిమిదీ కలిపితే తొంభై రెండు. ఆ పలక నాది. ముల్లు నేనే గీశాను."

"మోసం! దొంగసంతకం! మార్కులు కొట్టెయ్యాలి!" అని మాస్టారు ఎగిరాడు.

"గీత దొంగదే మాస్టారూ," అంది ఎద్దు నెమరేస్తూ. "మరి ఆ నూరూ మీరు వేసింది లెక్కకా, గీతకా?"

లెక్కకి అంటే పెట్ట నెగ్గుతుంది. గీతకి అంటే పరువు పోతుంది. ఎద్దు ఆ చోటు పెట్టకే ఇచ్చింది. పెట్ట ఎద్దు వీపెక్కి పెద్దబడికి వెళ్ళిపోయింది.

జవాబు కంటే ముందు రాసిందెవరో చూసేవాడికి, సరైన లెక్క కూడా తప్పుగానే కనబడుతుంది.